లింఫోమాను పెంచి పోషించేది కణం పైపొరే

రోగనిరోధక కణాల్లో పుట్టే క్యాన్సర్ లింఫోమా. దాని బయాప్సీ రిపోర్టులో ‘సీడీ20 పాజిటివ్’ అని, అంటే కణం పైపొర మీద సీడీ20 అనే ప్రొటీన్ ఉందని కనిపిస్తే వైద్యానికి ఒక దారి దొరికినట్టే. 1997లో అమెరికాలో అనుమతి పొందిన రిటుక్సిమాబ్ ఆ ప్రొటీన్‌ను పట్టుకుని క్యాన్సర్ కణాలను చంపుతుంది. ఎన్నో ప్రాణాలు నిలబెట్టిన మందు అది. అయితే ఆ విజయం తర్వాత కణం పైపొర మీది ప్రొటీన్లను గురిచూసి కొట్టాల్సిన గుర్తులుగా చూడటమే మనకు అలవాటైంది. వాటిలో కొన్ని కణితిని పెంచుతున్నాయన్న సంగతికి దక్కాల్సినంత ప్రాధాన్యం దక్కడం లేదు.

బి కణాల పైపొర మీద ఉండే రిసెప్టార్‌నే తీసుకోండి. యాంటీబాడీలు తయారుచేసే రోగనిరోధక కణాలే బి కణాలు. మామూలు బి కణం సూక్ష్మజీవిని పసిగట్టేది దీనితోనే. సూక్ష్మజీవి తగలగానే, రిసెప్టార్‌ను అంటిపెట్టుకున్న సీడీ79ఏ, సీడీ79బీ ప్రొటీన్లు లోపలికి సంకేతం పంపుతాయి. బీటీకే వంటి ఎంజైములు దాన్ని అందుకుంటాయి. కణం బతుకుతుంది, విభజన చెందుతుంది. పని అయ్యాక ఆ సంకేతం ఆగిపోవాలి. వేగంగా పెరిగే డిఫ్యూజ్ లార్జ్ బి సెల్ లింఫోమాలోని ఏబీసీ అనే రకంలో అది ఆగదు. ఈ రకం కేసుల్లో సుమారు ఐదో వంతులో సీడీ79బీ జన్యువే మారిపోయి ఉంటుంది.

నెమ్మదిగా పెరిగే మరో బి కణ క్యాన్సర్ ఫాలిక్యులర్ లింఫోమా సంగతి ఇంకా ఆశ్చర్యకరం. 14, 18 క్రోమోజోముల ముక్కలు తారుమారైనప్పుడు రిసెప్టార్‌ను తయారుచేసే జన్యువు రెండు ప్రతుల్లో ఒకటి పాడవుతుంది. అయినా ఆ కణం రెండో ప్రతిని కాపాడుకుని రిసెప్టార్‌ను నిలుపుకుంటుంది. పైగా దాని మీద మానోజ్ చక్కెరలు కొత్తగా చేరతాయి. పొరుగున ఉండే మాక్రోఫేజ్‌లనే రోగనిరోధక కణాల మీది డీసీ-సైన్ ప్రొటీన్ వాటిని పట్టుకోవడంతో, సూక్ష్మజీవి లేకుండానే ప్రేరణ అందుతుంది. దీనికి భిన్నంగా, బి కణాల పైపొర మీది మరో ప్రొటీన్ సీడీ19 మీద గురిపెట్టే కార్-టీ చికిత్స (రోగి టి కణాలనే మార్చి క్యాన్సర్ మీదికి పంపే పద్ధతి) తర్వాత కొందరిలో సీడీ19ను వదిలించుకున్న కణాలతోనే వ్యాధి తిరగబెడుతుంది. కణితి దేన్ని వదులుకుంటోంది, దేన్ని అంటిపెట్టుకుంటోంది అన్నది నా దృష్టిలో అసలు ఆధారం.

అలాగని సంకేతాన్ని అడ్డుకోవడం అందరికీ పనిచేయదు. డిఫ్యూజ్ లార్జ్ బి సెల్ లింఫోమాలో, బీటీకేను ఆపే ఇబ్రుటినిబ్ అనే మందును కీమోకు జోడించిన ఫీనిక్స్ ట్రయల్ ఫలితాలు 2019లో నిరాశపరిచాయి. 60 ఏళ్లు దాటినవారిని దుష్ప్రభావాలు బాగా ఇబ్బంది పెట్టాయి. కానీ తర్వాత జన్యు ఉపరకాల వారీగా చూస్తే, సీడీ79బీ మార్పులు ఎక్కువగా ఉండే ఎంసీడీ ఉపరకంలో, ఇబ్రుటినిబ్ తీసుకున్న 60 ఏళ్లలోపు వారిలో మూడేళ్లపాటు ఒక్కరికీ వ్యాధి తిరగబెట్టలేదు. ఆ రోగుల సంఖ్య చిన్నదే. అయినా సీడీ20 ఉందో లేదో చూసినంత శ్రద్ధగా సీడీ79బీ మారిందో లేదో కూడా పరీక్షించాలని అడగడానికి అది చాలు.