మీరు ఎవరి తాలూకు?

రిటైరైన మనిషి కనబడగానే అందరికీ ఒకటే సలహా గుర్తుకొస్తుంది. “నలుగురితో కలవండి” అంటారు. ఆ నలుగురూ ఎక్కడుంటారో మాత్రం చెప్పరు. మా ఆవిడ ఇంకాస్త ఉదారంగా, “నలుగురితో కలవకపోయినా ఫర్వాలేదు, కాసేపు ఇంట్లో లేకపోతే చాలు” అంది.

మా అమ్మాయి దేనికైనా ఒక పరిశోధన చూపించే రకం. కాన్సాస్ యూనివర్సిటీలో జెఫ్రీ హాల్ అనే ప్రొఫెసర్ 2018లో వేసిన లెక్క ఒకటి పంపింది. ముఖపరిచయం మామూలు స్నేహంగా మారడానికి సుమారు 50 గంటలు కలిసి గడపాలి. ధైర్యంగా స్నేహితుడు అని చెప్పుకోవడానికి 90 గంటలు. ప్రాణస్నేహానికైతే 200 గంటల పైమాటే. పైగా ఆఫీసులో పక్కపక్కన కూర్చుని పనిచేసిన గంటలు ఈ లెక్కలో అంతగా చెల్లవట. సర్వీసంతా జమ చేసుకున్నది ఆ ఒక్క వాక్యంతో కొట్టుకుపోయింది. రోజుకు అరగంట చొప్పున 200 గంటలంటే 400 రోజులు. ఈ వయసులో అంత దీర్ఘకాలిక డిపాజిట్టు ఎవరైనా వేస్తారా?

అయినా మొదలుపెట్టాను. ముందు నవ్వుల క్లబ్బు. 1995లో మదన్ కటారియా అనే డాక్టరు ముంబయిలో ఒక పార్కులో ఐదుగురితో మొదలుపెట్టిన సంగతి అది. తొలిరోజుల్లో జోకులు చెప్పుకుని నవ్వుకునేవారట. రెండు వారాలకల్లా మంచి జోకులు నిండుకోవడంతో, జోకు లేకుండానే నవ్వే పద్ధతి కనిపెట్టారు. నేను వెళ్లిన చోట కూడా అందరూ చేతులెత్తి బ్రహ్మాండంగా నవ్వారు. నేనూ నవ్వాను. టైమైపోగానే అందరూ ఠక్కున ఆపేసి, ఒకరి ముఖం ఒకరు చూసుకోకుండా సీరియస్‌గా బళ్లు తీసుకుని వెళ్లిపోయారు. తర్వాత ఒక సాహితీ బృందం. అక్కడ నన్ను చూడగానే అందరి ముఖాలూ వెలిగిపోయాయి. ఎందుకో కాసేపటికి అర్థమైంది. అక్కడున్న వాళ్లంతా కవులే, వినేవాడు ఇన్నాళ్లకు దొరికాడు. ఆ గండం గురించి ఇంతకన్నా చెప్పను.

ఇక మిగిలింది పార్కులో నడక.

అక్కడ ఒక గుంపు రోజూ నాకు అడ్డమే. దారి ఇరుకు, వాళ్లేమో వరసగా పరుచుకుని నడుస్తారు. దాటి వెళ్లే వీల్లేక వెనకాలే నడిచేవాణ్ణి. ఒకరోజు ముందున్నాయన ఏదో వాదిస్తూ వాదిస్తూ గిరుక్కున వెనక్కి తిరిగి, “కదండీ?” అన్నాడు. “అవునండీ” అన్నాను. నా సభ్యత్వం ఆ ఒక్క ముక్కతో ఖరారైంది. మర్నాడు నాకు చోటిస్తూ అందరూ కొంచెం పక్కకు జరిగారు.

ఆస్ట్రేలియాలో 1990ల నుంచి మెన్స్ షెడ్లని ఉన్నాయి. పెద్దవయసు మగవాళ్లు ఒక షెడ్డులో చేరి చెక్కపనో రిపేరుపనో చేసుకుంటూ కబుర్లు చెప్పుకుంటారు. మగవాళ్లు ఎదురెదురుగా కూర్చుని మనసు విప్పరు, భుజం పక్కన భుజం ఉంటేనే మాట్లాడతారని వాళ్ల సిద్ధాంతం. నడక కూడా అంతే. నోరు దానంతటదే తెరుచుకుంటుంది. వచ్చిన చిక్కల్లా, పక్కవాళ్ల పేరు అడిగే సందర్భం రాకపోవడం. పేరనేది మొదటి వారంలో అడగాలి. ఆ గడువు దాటాక అడిగితే, ఇన్నాళ్లూ మీరెవరో తెలియకుండానే మీ కష్టసుఖాలకు తలూపుతున్నానని ఒప్పుకున్నట్టే.

అందుకని నా సౌకర్యం కోసం నేనే పేర్లు పెట్టుకున్నాను. ఎండున్నా లేకున్నా టోపీ తీయని ఆయన టోపీ గారు. ప్రతి సంభాషణనూ ఇన్‌కమ్ టాక్సు వైపు తిప్పే ఆయన టాక్సు గారు. పూర్వం హెడ్మిస్ట్రెస్‌గా చేసి, ఇప్పటికీ మమ్మల్ని వరసలో నడిపించే ఆవిడ మేడమ్. ఆవిణ్ణి అందరూ మేడమ్ అనే పిలుస్తారు కాబట్టి ఒక పేరు కలిసొచ్చింది. ఎక్స్‌రేలు, ఆయింట్‌మెంట్లు, ముగ్గురు డాక్టర్ల అభిప్రాయభేదాలతో సహా తన మోకాలి చరిత్ర రోజూ వినిపించే ఆయన మోకాలు గారు. ఈ వాకర్స్ అసోసియేషన్‌కు ట్రెజరర్ కూడా ఆయనే.

వాళ్లూ నా పేరు అడగలేదు. అడగకుండానే టోపీ గారు నా నంబరు తీసుకుని ఫోన్ గ్రూపులో చేర్చారు. ఏ పేరుతో సేవ్ చేసుకున్నారో నేను చూడలేదు. 1967లో అమెరికాలోని ఒరెగాన్ స్టేట్ యూనివర్సిటీలో ఒక విద్యార్థి పెద్ద నల్లసంచీలో దూరి, పాదాలు మాత్రమే కనబడేలా క్లాసుకు వచ్చి కూర్చునేవాడు. మొదట తోటివాళ్లు చిరాకుపడ్డారు, తర్వాత కుతూహలపడ్డారు, చివరికి స్నేహం చేశారు. రోజూ కనబడితే చాలు, మనిషి అలవాటైపోతాడని చెప్పడానికి రాబర్ట్ జాయాన్స్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త 1968లో ఈ ఉదంతాన్నే ప్రస్తావించాడు. సంచీలో ఉన్నవాడికే స్నేహితులు దొరికినప్పుడు ట్రాక్ ప్యాంటులో ఉన్న నాకు పేరెందుకు?

అలా హాయిగా గడిచిపోతుండగా మోకాలు గారు కొన్నాళ్లు నడకకు రాలేదు. కూతురింటికి వెళ్లారని ఎవరికీ తెలియదు. ఆయన లేకపోవడంతో మా నడక వేగం పెరిగిందని మాత్రం అందరం గమనించాం.

ఒక ఉదయం టోపీ గారు నా పక్కకు వచ్చి, “మీ బావగారు కనబడటం లేదేమండీ?” అన్నారు.

నాకు ఉన్నది ఒక్కరే బావగారు, మా అక్కయ్య భర్త. చాలాకాలం కిందటే పోయారు. ఈయనకు మా బావగారెలా తెలుసా అని క్షణం ఆశ్చర్యపోయాను. మా బావగారు ఊరంతా స్నేహాలు చేసిన మనిషి, తెలిసే ఉంటుందిలే అని సరిపెట్టుకున్నాను.

“ఇంకెక్కడి బావగారండీ, పోయారుగా!” అన్నాను.

టోపీ గారు ఆగిపోయారు. నెమ్మదిగా టోపీ తీశారు. ఆయన తల చూడటం నాకదే మొదలు.

“ఎలా?”

“నిద్రలోనే. పెద్దగా బాధపడలేదు.”

“మోకాలు కాదన్నమాట” అని ఆయన గొణిగారు. నాకు సరిగ్గా వినబడలేదు. నా భుజం ఒకసారి గట్టిగా నొక్కి, ఇంకా మూడు రౌండ్లు మిగిలి ఉండగానే ఇంటికి వెళ్లిపోయారు. ఎప్పుడో పోయిన మనిషి కోసం ఇంతగా కదిలిపోయాడే, ఎంత మెత్తని మనసు అనుకున్నాను.

సాయంత్రానికి ఫోన్ గ్రూపులో సంతాప సందేశం వచ్చింది. ఫలానా గారు మనల్ని విడిచి వెళ్లారు అని పూర్తి పేరు, ఇంటిపేరుతో సహా ఉంది. ఆ పేరు నేనెప్పుడూ వినలేదు. పాత సభ్యులెవరో అయ్యుంటారని, మర్యాదకు నేనూ చేతులు జోడించిన బొమ్మ ఒకటి పెట్టాను. అది చూసి టోపీ గారు అందరికీ ఫోన్లు చేశారట, “స్వయానా బావమరిది కూడా నమస్కారం పెట్టాడు, ఇంకేం అనుమానం” అని. టాక్సు గారికి ఏదైనా రుజువు ఉండాలి కాబట్టి ఆయన మోకాలు గారి నంబరుకు ఫోన్ చేశారు. ఎవరూ ఎత్తలేదు. ఫోన్ ఎత్తే స్థితిలో కూడా ఇంట్లోవాళ్లు లేరన్నమాట అని ఆయన కళ్లు తుడుచుకున్నారు.

ఇంతకీ ఆ మహానుభావుడు తన సంతాప సందేశం తను చూసుకోలేదా అని మీరు అడగవచ్చు. రోజూ వచ్చే గుడ్ మార్నింగుల పోరు పడలేక ఆయన గ్రూపును ఎప్పుడో మ్యూట్ చేసుకున్నారు. ఆ మాటకొస్తే గ్రూపులో సగం మంది అంతే.

మర్నాడు పార్కులో బెంచీ దగ్గర అందరూ గుమిగూడి ఉన్నారు. నన్ను చేయి పట్టుకుని ముందు వరసలో నిలబెట్టారు. కొత్త సభ్యుడికి ఎంత గౌరవం అనుకున్నాను. మేడమ్ దగ్గరకు వచ్చి, “మీ అక్కగారిని ధైర్యంగా ఉండమని చెప్పండి” అన్నారు.

“ధైర్యానికేం లోటు లేదండీ. హాయిగా ఊళ్లు తిరుగుతోంది. నిన్ననే ఇంకో టూరుకు టికెట్లు తీసుకుంది” అన్నాను.

మేడమ్ నోరు తెరిచి, మళ్లీ మూసుకున్నారు. సర్వీసులో ఎందరో తల్లిదండ్రులకు సమాధానాలు చెప్పిన మనిషికి కూడా దీనికి మాట దొరకలేదు.

ప్రసంగాలు మొదలయ్యాయి. పోయినాయన నిగర్వి అన్నారు. మితభాషి అన్నారు. నొప్పిని చిరునవ్వుతో భరించి, ఏనాడూ పైకి చెప్పుకోలేదని కూడా ఒకరు అన్నారు. అది వింటూ, ఇలాంటి మనిషి మన గ్రూపులో ఉండగా నాకు పరిచయం కాకపోవడం ఎంత దురదృష్టం, రోజూ ఆ మోకాలి గోల వినే బదులు ఈయన పక్కన నడిచేవాణ్ణి కదా అనుకున్నాను. చివర్లో టాక్సు గారు గొంతు సవరించుకుని, “సందర్భం కాదనుకోండి, కానీ లెక్కల పుస్తకం, రసీదు పుస్తకం ఆయన దగ్గరే ఉండిపోయాయి. బంధువులు కాస్త శ్రద్ధ తీసుకుని...” అంటూ నా వైపు చూశారు. నేను నా వెనక ఎవరున్నారో అని తిరిగి చూశాను.

“రెండు నిమిషాలు మౌనం” అన్నారు మేడమ్. అందరం తలలు దించుకుని కళ్లు మూసుకున్నాం.

మొదటి నిమిషం అయ్యేసరికి వెనక వరసలో చిన్న అలికిడి. ఎవరో ఒక కాలు ఈడుస్తూ వచ్చి, మర్యాదగా చెప్పులు విడిచి, తలదించుకుని నిలబడ్డారు. కాసేపటికి పక్కవాళ్లను రహస్యంగా అడిగారు.

“ఎవరండీ పోయింది?”

“మన ట్రెజరర్ గారు” అని కళ్లు తెరవకుండానే జవాబు వచ్చింది.

“అయ్యయ్యో” అన్నారు మోకాలు గారు. ఆ తర్వాత ఒక్క క్షణం ఆలోచించి, “ఏ ట్రెజరరూ?” అన్నారు.

రెండో నిమిషం మౌనం అక్కడితో ముగిసింది.

టోపీ గారు ముందు ఆయన్ను తాకి చూసి, తర్వాత నా వైపు చేయి చూపించారు. “మీ బావమరిదే చెప్పాడు!”

“నాకు బావమరుదులెక్కడండీ! మా ఆవిడ ఒక్కతే సంతానం. ఈయన టాక్సు గారి కొలీగ్ కదా?”

“నా కొలీగా? మేడమ్ గారి అన్నయ్య అనుకుంటున్నాను నేను!”

“నాకేం అన్నయ్యలు లేరు. టోపీ గారి పక్కింటాయన అనుకున్నాను” అన్నారు మేడమ్. ఆవిడ టోపీ గారు అనలేదు, అసలు పేరే అన్నారు. ఆ గందరగోళంలో నేను దాన్ని పట్టుకోలేకపోయాను.

అందరూ కలిసి నా వైపు తిరిగారు. “ఇంతకీ మీరు ఎవరి తాలూకు?”

ఎవరి తాలూకూ కాదని, దారి ఇరుకు కాబట్టి వెనక నడిచానని చెప్పాను. నా పేరు కూడా చెప్పాను. వాళ్ల పేర్లు నాకు చెప్పాలని మాత్రం ఒక్కరికీ తోచలేదు. రోజూ కలిసి తిరిగే మనిషికి తెలియకుండా ఉంటాయా?

మోకాలు గారు పోనందుకు అందరూ సంతోషించారు, ఆయన తప్ప. పొగడ్తలు జరిగినప్పుడు తను లేకపోవడం, పుస్తకాల ప్రస్తావన కూడా ఆ వెంటనే వచ్చిందని తెలియడం ఆయనకు బాగా గుచ్చుకుంది. “నా ఒళ్లు చల్లబడకముందే లెక్కలడుగుతారా?” అని అక్కడికక్కడే రాజీనామా ఇచ్చారు.

కొత్త ట్రెజరర్ ఎవరన్న చర్చ బెంచీ చుట్టూ చాలాసేపు జరిగింది. టోపీ గారిని పెడదామంటే ఆయన మోకాలు గారి మనిషి. టాక్సు గారిని పెడదామంటే ఆయన మేడమ్ మాట దాటరు. మేడమ్‌ను పెడదామంటే చందా ఆలస్యమైనవాళ్లను బెంచీ ఎక్కిస్తారని భయం. ఎవరి పేరు చెప్పినా ఇంకొకరికి అనుమానం. చివరికి మోకాలు గారే వేలెత్తి నన్ను చూపించారు. “ఈయన్ను పెట్టండి. ఇక్కడ ఎవరికీ ఏమీ కానివాడు ఈయనొక్కడే.”

ఏకగ్రీవం. మర్నాడే పుస్తకాలు నా చేతికొచ్చాయి. బెంచీ మీద కూర్చుని రసీదు పుస్తకం తెరిచి, తేదీ వేశాను. టోపీ గారు చందా డబ్బు నా ముందు పెట్టారు. పెన్ను పేరు రాయాల్సిన గీత దగ్గరికి వచ్చి ఆగిపోయింది. ఆ మొత్తం గ్రూపులో నాకు తెలిసింది ఒక్క మోకాలు గారి పేరే, అదీ సంతాప సభ పుణ్యమా అని.

సర్వీసంతా నేర్చుకున్న లౌక్యమంతా ఉపయోగించి, తల ఎత్తకుండా అడిగాను. “రసీదు ఎవరి పేరు మీద రాయమంటారు?”

టోపీ గారు నన్ను వింతగా చూశారు.

“ఇంకెవరి పేరండీ? నా పేరు మీదే!”