తెర లేచాక పారిపోయినవాడు

(తెనాలిలో ఒక ఇంటి అరుగు. బాబాయి పద్యనాటకాల్లో పాతికేళ్ళు వేషాలు వేసి మానేసిన మనిషి. అమ్మాయి ఆయన అన్న కూతురు, ఇంగ్లండులో నార్విచ్‌లో చదువుకుంటూ సెలవులకు వచ్చింది. బ్రిటిష్ నటుడు, టీవీ వ్యాఖ్యాత స్టీఫెన్ ఫ్రైకి 2025 కొత్త సంవత్సరం బిరుదుల్లో ‘సర్’ ఇచ్చారన్న దగ్గర మాటామాటా పెరిగింది.)

బాబాయి: ఆడుతున్న నాటకం వదిలేసి పారిపోయినవాడికి సర్ బిరుదా! బాగానే ఉంది.

అమ్మాయి: నాటకానికి ఇవ్వలేదు బాబాయ్. మానసిక ఆరోగ్యం గురించి, పర్యావరణం గురించి చేసిన పనికీ, సేవకీ ఇచ్చారు.

బాబాయి: దేనికిస్తేనేం? 1995 ఫిబ్రవరి. లండన్లో పెద్ద నాటకశాలలుండే వెస్ట్ ఎండ్‌లో ‘సెల్ మేట్స్’ అని నాటకం. సైమన్ గ్రే తనే రాసి తనే డైరెక్ట్ చేశాడు. జార్జ్ బ్లేక్ అని సోవియట్లకి పనిచేసిన గూఢచారి ఒకడు 1966లో జైలు గోడ దాటి, చివరికి మాస్కో చేరాడు. ఆ బ్లేక్ వేషం మీవాడిది. తప్పించుకోవడానికి సాయం చేసిన షాన్ బర్క్ వేషం రిక్ మేయల్‌ది. నాటకం మొదలై వారం తిరగలేదు, పేపర్లలో నాలుగు ముక్కలు తేడాగా రాశారు, మీవాడు పడవెక్కి బెల్జియం చెక్కేశాడు. పారిపోయేవాడి వేషం ఇస్తే నిజంగానే పారిపోయాడు!

అమ్మాయి: ఆ జోకు ముప్పై ఏళ్ళుగా నలుగుతోంది. కొత్తదేదైనా ఉంటే చెప్పు.

బాబాయి: కొత్తదెందుకు, పాతదానికే సమాధానం లేదుగా. ఇద్దరి మీద నడిచే నాటకంలో ఒకడు మాయమైతే రెండోవాడి గతేమిటి? సైమన్ వార్డ్ అని ఇంకో నటుణ్ణి తెచ్చి అతికించారు. కొన్ని వారాలకే మూసుకున్నారు. కడుపు మండి గ్రే ఏకంగా పుస్తకమే రాశాడు. నేను నూటరెండు జ్వరంతో మొహానికి రంగేసుకున్నవాణ్ణి అమ్మాయ్. తెర లేచాక నీ ఒళ్ళు నీది కాదు.

అమ్మాయి: జ్వరం థర్మామీటరుకి అందుతుంది. అందుకే నీకు చప్పట్లు కొట్టారు. ఆయనకున్నది ఎవరికీ కనపడలేదు. చచ్చిపోదామన్న దాకా వెళ్ళి, అక్కణ్ణుంచి దేశం దాటానని తర్వాత చెప్పాడు. మనసు కొన్నాళ్ళు ఆకాశానికెగిరి, కొన్నాళ్ళు పాతాళానికి కుంగిపోయే జబ్బు. డాక్టర్లు దానికి బైపోలార్ అని పేరు పెట్టేసరికి ఆయనకి ముప్పై ఏడేళ్ళు.

బాబాయి: పిచ్చి అని తెలుగులో అనొచ్చుగా. బైపోలార్ అంటే ఏదో కరెంటు మోటారు పేరులా ఉంది.

అమ్మాయి: ఆ మాటే వద్దంటున్నా.

బాబాయి: ఎందుకొద్దు? చిన్నప్పుడు నిన్ను రోజుకి పదిసార్లు పిచ్చితల్లీ అన్నాను. అందులో తిట్టుందా?

అమ్మాయి: నన్నంటే ముద్దు. వీధి చివర ఆవిడని అంటే ఆవిడ కూతురి సంబంధం తప్పిపోతుంది. మాట ఒకటే గానీ బరువు ఒకటి కాదుగా.

బాబాయి: మరి ఏమనాలి? మనోవ్యాధి అంటే నాటకంలో డైలాగులా ఉంటుంది. డిప్రెషన్ అంటే ఇవాళ పరీక్ష తప్పిన ప్రతివాడూ అంటున్నాడు. టెన్షన్ అంటే అసలు జబ్బే కాదు. మీ చదువుకున్నవాళ్ళు మాకు ఒక మాట కూడా ఇవ్వలేదు, ఉన్న మాట మాత్రం లాక్కుంటున్నారు.

అమ్మాయి: అది ఒప్పుకుంటా. మాట దొరకలేదు. దొరికేదాకా బైపోలారే, మోటారైనా సరే.

బాబాయి: సరే, నీ మోటారు సంగతి కానీ.

అమ్మాయి: నువ్వు ఒక్క వారం పట్టుకుని మొత్తం మనిషిని తూచేస్తున్నావు. వెనక్కి వెళ్ళు. వరసగా బళ్ళలోంచి పంపించేశారు. 17 ఏళ్ళప్పుడు దొంగిలించిన క్రెడిట్ కార్డులతో ఊళ్ళు తిరిగి, పట్టుబడి, పకల్‌చర్చ్ అనే చోట మూణ్ణెల్లు రిమాండులో ఉన్నాడు. అంటే జైలు వేషానికి రిహార్సల్ ముందే అయిందన్నమాట, ఇదిగో నీకు కొత్త జోకు. బయటికొచ్చి మా నార్విచ్‌లోనే కాలేజీలో చేరి, స్కాలర్‌షిప్ తెచ్చుకుని కేంబ్రిడ్జి వెళ్ళాడు. అక్కడ ఫుట్‌లైట్స్ అని విద్యార్థుల హాస్యనాటిక బృందం. అక్కడే ఎమ్మా థాంప్సన్ అనే నటి వల్ల హ్యూ లారీ అనే నటుడు పరిచయమయ్యాడు. 1981లో వీళ్ళ ప్రదర్శన ఎడిన్‌బరాలో హాస్యానికిచ్చే పెరియర్ బహుమతి మొట్టమొదటిసారి కొట్టింది. తర్వాత టీవీలో బ్లాకాడర్ అనే హాస్య ధారావాహిక, లారీతో కలిసి సొంత కార్యక్రమం, నువ్వు క్యాసెట్ అరిగేదాకా చూసిన జీవ్స్ అనే నౌకరు వేషం. 2003 నుంచి 2016 దాకా క్యూఐ అనే క్విజ్. అందులో తమాషా ఏమిటంటే, అందరూ టక్కున చెప్పే తప్పు జవాబు ఎవరైనా చెబితే సైరన్ మోగుతుంది, మార్కులు పోతాయి. ‘సమీక్షలు బాగాలేక పారిపోయాడు’ అనేది ఆ సైరన్ మోగే జవాబు బాబాయ్. చిన్నప్పటి దొంగతనం, నిద్రలేని పని, ఆ పడవ ప్రయాణం, వీటన్నిటి వెనకా ఈ బైపోలారే ఉందేమోనని సగం జీవితం అయిపోయాక తెలిసింది. తెలిశాక నోరు మూసుకుని ఉండొచ్చు. అప్పటికి జనం మర్చిపోయారు కూడా. 2006లో బీబీసీలో రెండు భాగాల డాక్యుమెంటరీ చేసి, పారిపోయిన సంగతి తనే బయటికి తీశాడు. దానికి అంతర్జాతీయ ఎమ్మీ అనే టీవీ బహుమతి వచ్చింది, అది పక్కనపెట్టు. 2011లో మైండ్ అనే మానసిక ఆరోగ్య సంస్థకి అధ్యక్షుణ్ణి చేశారు. ఆ మరుసటేడే పరాయి దేశంలో షూటింగ్‌లో ఉండగా మళ్ళీ చావు అంచుకి వెళ్ళాడు, నిర్మాత చూసి ఇంటికి చేర్చాడు. 2013లో అదీ చెప్పేశాడు. ఆ కుర్చీలో కూర్చున్నవాడు ‘నాకు తగ్గిపోయింది, మీకూ తగ్గుతుంది’ అంటే అందరూ సంతోషించేవాళ్ళు. తగ్గలేదని చెప్పాడు. నా లెక్కలో ఆయన వేసిన వేషాలన్నిటికన్నా ఇదే పెద్దది.

బాబాయి: అయిందా? బాగా అప్పజెప్పావు, పోర్షన్ తడబడకుండా. ఇప్పుడు నేను ఒకే ఒక్క పేరు చెప్తా. టోనీ స్లాటరీ.

అమ్మాయి: ...చెప్పు.

బాబాయి: నువ్వన్న ఆ 1981 బహుమతి బృందంలో అతనూ ఉన్నాడా లేడా? అదే కేంబ్రిడ్జి, అదే ఫుట్‌లైట్స్. టీవీలో అప్పటికప్పుడు అల్లి నవ్వించడంలో మొనగాడు. అతనికీ ఇదే జబ్బు. 1996 ప్రాంతంలో మనిషి కుప్పకూలాడు. నెలల తరబడి ఇంట్లోంచి కదలకుండా, సామాన్లు థేమ్స్ నదిలోకి విసిరేసిన కథ మీ ఫ్రై డాక్యుమెంటరీలోనే చెప్పాడు. అంత నిజం అతనూ చెప్పాడు కదా? ఏమొచ్చింది? పాత వైభవం తిరిగొచ్చిందా? 2025 జనవరిలో, ఇటు ఇతనికి సర్ అని ప్రకటించిన రెండు వారాలకి, అతను గుండెపోటుతో పోయాడు. 65 ఏళ్ళు. కాబట్టి చెప్పడంలో గొప్పేం లేదమ్మాయ్. చెప్పినా చెల్లేవాడు చెప్పడం వేరు. మీవాడు ముప్పై దాటకముందే ‘మీ అండ్ మై గర్ల్’ అనే పాత సంగీత నాటకాన్ని తిరగరాసి, అది లండన్లోనూ న్యూయార్క్ బ్రాడ్‌వేలోనూ ఆడితే లక్షాధికారి అయ్యాడు. డబ్బున్నవాడు పారిపోతే విశ్రాంతి, లేనివాడు పారిపోతే నాగా.

అమ్మాయి: దానికి నా దగ్గర జవాబు లేదు.

బాబాయి: ఉండదు. మా హార్మోనిస్టు ఒకడుండేవాడు. చీరాల దగ్గర కాంట్రాక్టు నాటకం. జనం వచ్చి కూర్చున్నారు, వాడు లేడు. మూడోనాడు రైల్వేస్టేషన్లో దొరికాడు, స్నానం లేదు, తిండి లేదు. కాంట్రాక్టరు డబ్బులు ఎగ్గొట్టాడు, ఆ కోపమంతా మేం వాడిమీద చూపించాం. ఆ తర్వాత ఎవరూ పిలవలేదు. వాడికి బీబీసీ వచ్చిందా?

అమ్మాయి: మీరు ఏమనుకున్నారు అప్పుడు?

బాబాయి: ఏమనుకుంటాం, తాగి పడిపోయాడనుకున్నాం.

అమ్మాయి: తాగేవాడా?

బాబాయి: ...కిళ్ళీ కూడా వేసేవాడు కాదు.

అమ్మాయి: చూశావా? నీకు ఆ రోజు ఆ మాట తెలిసుంటే తాగాడనేవాడివి కాదు. ఫ్రై గొప్పవాడని కాదు నేననేది. డబ్బున్నవాడికే చెల్లింది, నిజమే. కానీ చెల్లేవాడు కూడా చెప్పకపోతే ఆ మాట రైల్వేస్టేషన్ దాకా ఎప్పటికి చేరుతుంది?

బాబాయి: చీరాల స్టేషన్‌కి ఇప్పటికీ చేరలేదు.

అమ్మాయి: ఈ అరుగు దాకా వచ్చిందిగా.

బాబాయి: అదలా ఉంచు. అసలు నాకు మంట ఎక్కడంటే, జీవ్స్ వేషం. ముప్పై మూడేళ్ళకి అంత నిబ్బరం ఎలా పట్టాడో! కనుబొమ్మ ఒక్కటి కొంచెం లేపితే యజమాని వూస్టర్ టై మార్చుకోవాల్సిందే. ఆ జీవ్స్‌ని చూసి నమ్మాను. అలాంటివాడు...

అమ్మాయి: ఆ నిబ్బరం వేషం బాబాయ్. నువ్వు కృష్ణుడి వేషం వేశావని యుద్ధం ఆపేశావా?

బాబాయి: కృష్ణుడు కూడా ఆపలేదు, రాయబారం అయ్యాక యుద్ధమే. సరిగ్గా చదువుకో. ఇంకొకటుంది. మీవాడి డాక్యుమెంటరీలో ఒక ప్రశ్న అడుగుతాడు, జబ్బు ఉన్నవాళ్ళందరినీ. ఒక బొత్తాం ఉంది, నొక్కితే ఈ జబ్బు నీ జీవితంలోంచి పోతుంది, నొక్కుతావా అని.

అమ్మాయి: చాలామంది నొక్కబోమని అన్నారు. ఆ ఆకాశానికెగిరే రోజులు కూడా పోతాయని.

బాబాయి: ఆ. జబ్బున్నవాళ్ళని అడిగాడు. పక్కన నిలబడ్డవాళ్ళని అడగాలి. గ్రేని అడగాలి. మేయల్‌ని అడగాలి. మేయల్ 1998లో బండి తిరగబడి రోజుల తరబడి కోమాలో ఉండి లేచి, మళ్ళీ స్టేజీ ఎక్కినవాడు. వాళ్ళిద్దరూ ఆ బొత్తాం విరిగేలా నొక్కేవాళ్ళు.

అమ్మాయి: ఇద్దరూ లేరు ఇప్పుడు. నిన్ను అడుగుతా. పక్కన నిలబడ్డవాడివేగా. మీ హార్మోనిస్టుది నొక్కుతావా?

బాబాయి: వాడా... వాడు బాగున్న రాత్రి రాయబారం పద్యాలకి వాయిస్తే, నా గొంతు కాదది, నాకే తెలియని ఎవడిదో గొంతు వచ్చేది నాకు. జనం మూడేసిసార్లు వన్స్‌మోర్. మళ్ళీ వారం రోజులు గది తలుపు తీసేవాడు కాదు.

అమ్మాయి: నొక్కుతావా?

బాబాయి: లే, పొద్దుపోయింది. మీ పిన్ని అన్నానికి పిలుస్తోంది.

అమ్మాయి: పిలవలేదు.

బాబాయి: పిలుస్తుంది.