నీళ్లు ఆపే వాల్వు వంటింట్లోనే ఉండాలి

మొన్న ఆదివారం మా వంటింటి సింకు నల్లా నేనే మార్చాను. ప్లంబర్ రాలేదు, మా ఆయన చెయ్యి పెట్టలేదు. మా అబ్బాయి ఫోన్ టార్చి పట్టుకుని నిలబడ్డాడు, అంతే. పాతది విప్పి కొత్తది బిగించడానికి పట్టింది ఇరవై ఐదు నిమిషాలు. ఆ ఇరవై ఐదు నిమిషాల పని కోసం మేం పదిహేడు రోజులు ఎదురుచూశాం. ఎందుకు ఎదురుచూడాల్సి వచ్చిందో తెలిశాక వచ్చిన కోపం నాకింకా తగ్గలేదు. అందుకే ఇంత పొడుగ్గా రాస్తున్నాను.

మాది వనస్థలిపురంలో ఐదంతస్తుల అపార్ట్‌మెంట్. కట్టి పద్దెనిమిదేళ్లయింది. హైదరాబాద్‌లో చాలా ఇళ్లలో ఉన్నట్టే మా వంటింట్లోనూ రెండు నల్లాలు. ఒకటి మంజీరా, ఒకటి బోరు. మా వైపు వచ్చేది నాగార్జునసాగర్ నుంచి తెచ్చే కృష్ణ నీళ్లే, అయినా ఈ ఊళ్లో మున్సిపల్ నీళ్లు ఏ నదివైనా అందరి నోటా మంజీరానే. తాగడానికీ వండడానికీ అది, గిన్నెలు తోమడానికి బోరు. కారడం మొదలుపెట్టింది బోరు నల్లా. గట్టిగా కట్టేసినా చుక్క ఆగదు. ఒక రోజు రాత్రి పదింటికి దాని కింద నాలుగు లీటర్ల గిన్నె పెట్టి పడుకున్నాను. పొద్దున్న ఆరింటికి లేచి చూస్తే అంచుదాకా నిండి ఉంది. అంటే రోజుకి పన్నెండు లీటర్లు. ఏడాదికి 4,380 లీటర్లు. ఎండాకాలంలో బోరు ఎండిపోయి మేం డబ్బులు కట్టి తెప్పించుకునే ట్యాంకరు 5,000 లీటర్లది. ఒక్క నల్లా నుంచి ఏడాదికి దాదాపు ఒక ట్యాంకరు సింకులోకి పోతోందన్నమాట. ఈ లెక్క వేశాక రాత్రిళ్లు ఆ టప్ టప్ చప్పుడు వింటూ పడుకోవడం నా వల్ల కాలేదు.

ప్లంబర్ రాకపోవడం వల్ల ఆలస్యం కాలేదు. ఆయన రెండుసార్లు వచ్చాడు. మొదటిసారి వచ్చి, నల్లా చూసి, 'వాల్వు ఎక్కడుంది మేడమ్, బంద్ చెయ్యాలి' అన్నాడు. నేను మా ఆయన వంక చూశాను, ఆయన నా వంక చూశారు. ఇద్దరికీ తెలియదు. వాచ్‌మన్‌కి తెలుసు, కానీ వాళ్ల చెల్లెలి పెళ్లికని ఊరెళ్లాడు. ప్లంబర్ కాసేపు నిలబడి వెళ్లిపోయాడు. వాచ్‌మన్ వచ్చాక మళ్లీ పిలిస్తే వచ్చాడు. మెట్ల పక్క పైపులు దిగే సందులో, అదే డక్టులో, టార్చి వేసి చూస్తే వాల్వు ఉంది, కానీ పచ్చగా చిలుం పట్టి బిగుసుకుపోయి ఉంది. పానా వేసి ఒకసారి నెమ్మదిగా కదిపి చూసి వదిలేశాడు. 'బలవంతంగా తిప్పితే విరుగుతది మేడమ్, విరిగితే ఐదు ఇండ్లకూ నీళ్లుండవు, నా మీదికొస్తది' అన్నాడు. ఆయన అన్నది నిజం. నేను ఆయన స్థానంలో ఉన్నా అదే చేసేదాన్ని. ఆ తర్వాత ఫోన్ చేస్తే పెద్ద పనిలో ఉన్నానన్నాడు. ఒక నల్లా కోసం మూడోసారి ఎవరు మాత్రం వస్తారు?

చేతులు కడుక్కునే వాష్‌బేసిన్ కిందికి వంగి చూడండి. గోడ దగ్గర చిన్న యాంగిల్ కాక్ ఉంటుంది. దాన్ని తిప్పితే ఆ ఒక్క నల్లాకే నీళ్లు ఆగుతాయి, మిగతా ఇంటికి ఏమీ కాదు. ఇప్పుడు వంటింటి సింకు చూడండి. పాత ఫ్లాట్లలో చాలావరకు నల్లా నేరుగా గోడలోకి బిగించి ఉంటుంది. దానికి ముందు ఆపేది ఏమీ ఉండదు. ఇంట్లో అన్నిటికన్నా ఎక్కువసార్లు తిప్పే నల్లా అదే, అన్నిటికన్నా ముందు అరిగేదీ అదే. దానికే వాల్వు లేదు! మా బిల్డింగులో అయితే మా వరసలో కింద నుంచి పైదాకా ఐదు వంటిళ్లకీ బోరు నీళ్లు ఒకే నిలువు పైపులో దిగుతాయి. నా నల్లా విప్పాలంటే ఐదిళ్ల వంటిళ్లలో నీళ్లు ఆపాలి.

కట్టేటప్పుడే వంటింటి గోడలో ఒక కన్సీల్డ్ స్టాప్ కాక్, అంటే గోడ లోపల ఉండి నీళ్లు ఆపే వాల్వు, పెట్టి ఉంటే ఏమయ్యేది? ఆ వంటింట్లో వేసిన టైల్సు ఖర్చు ముందు దాని ఖర్చు ఏపాటిది? పద్దెనిమిదేళ్లుగా ఈ బిల్డింగులో ఎవరి నల్లా పాడైనా ఇదే తంతు జరిగి ఉంటుంది. కారుతూనే వదిలేసినవాళ్లు ఎంతమందో. తప్పు బిల్డర్ ఒక్కడిదే అని కూడా నేను అనను. ఫ్లాట్ కొనేటప్పుడు మనం తూర్పు ఏది, ఈశాన్యం ఏది, గ్రానైట్ ఏ రంగు, కప్‌బోర్డులు ఎన్ని అని అడుగుతాం. ఈ నల్లా పాడైతే నీళ్లు ఎక్కడ ఆపాలి అని నేను అడగలేదు. మీరు అడిగారా?

ఇక ఆ ఆదివారం సంగతి. ముందు రోజు సాయంత్రం నేనూ మా అబ్బాయీ టెర్రస్ ఎక్కాం. ట్యాంకుల నుంచి దిగే పైపులకి ఆరు వాల్వులున్నాయి. దేని మీదా పేరు లేదు. అదృష్టం ఏంటంటే, రెండేళ్ల కింద పైన లీకేజీ వచ్చినప్పుడు అవన్నీ కొత్తవి వేశారు, పిడిని పావు వంతు తిప్పితే మూసుకునే బాల్ వాల్వులు. వాణ్ని కింద వంటింట్లో నల్లా తిప్పి నిలబడమని, ఫోన్లో మాట్లాడుతూ నేను ఒక్కోటి మూస్తూ పోయాను. 'వస్తున్నాయా?' 'వస్తున్నాయమ్మా.' మళ్లీ తెరిచి ఇంకోటి. నాలుగోది మూసి కాసేపు ఆగాక, 'అమ్మా, ధార సన్నబడుతోంది' అన్నాడు. పై అంతస్తు పైపులో నిలిచిన నీళ్లు ఒకటిన్నర బకెట్ వచ్చాక పూర్తిగా ఆగిపోయాయి. పద్దెనిమిదేళ్లలో మా ఇంటి నీళ్లు ఎక్కడ ఆగుతాయో నాకు తెలిసింది అప్పుడే. అక్కడే కూర్చుని ఆరు పైపుల మీదా ఆయిల్ పెయింట్‌తో పేర్లు రాసి దిగాను.

పొద్దున్నే మిగతా నాలుగు ఇళ్లకీ వెళ్లి, పదకొండు నుంచి పదకొండున్నర దాకా వంటింట్లో బోరు నీళ్లు రావని చెప్పాను. 401 ఆంటీ తలుపు దగ్గరే ఆశ్చర్యంగా చూసి, 'నువ్వు మారుస్తావామ్మా? సార్ ఊళ్లో లేరా?' అని అడిగారు. ఆవిడ ప్రేమగానే అడిగారు. 'ఉన్నారు ఆంటీ. ఆ నల్లా రోజంతా వాడేది నేను, మార్చేదీ నేనే' అన్నాను. నాకు ఈ మాట చాలా ముఖ్యం. సింకు ముందు రోజుకి మూడు గంటలు నిలబడే మనిషికి, అది చెడిపోతే ఎవరో ఒక మగమనిషి వచ్చేదాకా ఆగడం తప్ప దారి లేదని ఎవరు తేల్చారు? పానా తిప్పడానికి పెద్ద బలం అక్కర్లేదు. ఆవకాయ జాడీ పైకెత్తే చేతులకి అదొక లెక్కా?

నల్లా కొనడానికి మాత్రం పనిగట్టుకుని కోఠీ దాకా వెళ్లాను. ఎల్బీనగర్‌లో మెట్రో ఎక్కి ఉస్మానియా మెడికల్ కాలేజీ దగ్గర దిగితే ట్రూప్ బజార్ దగ్గరే. అక్కడ వరసగా శానిటరీ షాపులు. షాపాయన అడిగిన మొదటి ప్రశ్న 'గోడకా, సింకు మీదకా?' అని. పాత నల్లా ఫొటో చూపించాను. తర్వాత రెండు నల్లాలు తీసి నా రెండు చేతుల్లో పెట్టాడు. చూడటానికి రెండూ అద్దంలా మెరుస్తున్నాయి, ఒకేలా ఉన్నాయి. ఒకటి బరువుగా ఉంది, అది ఇత్తడిది. రెండోది తేలిక, జింకే ఎక్కువున్న పోత లోహం మీద మెరుగు. మన బోరు నీళ్లకి రెండోది ఎక్కువ రోజులు ఆగదని ఆయనే చెప్పాడు. ఐఎస్ఐ గుర్తున్న ఇత్తడిదే తీసుకున్నాను. గోడకి బిగించే మామూలు నల్లాలన్నీ అర అంగుళం మరవే, అట్ట మీద 15 ఎంఎం అని ఉంటుంది.

పాతది విప్పడమే కష్టమైన భాగం. ముందు రోజు రాత్రి గోడ దగ్గర అతుకు చుట్టూ వెనిగర్‌లో తడిపిన గుడ్డ చుట్టి వదిలేశాను. అందుకే పొద్దున్న పానా వేయగానే కిర్రుమని ఒక్కసారి మూలిగి కదిలింది. పూర్తిగా విప్పి చేతిలోకి తీసుకున్నాక చాలాసేపు దాన్నే చూస్తూ ఉండిపోయాను. నల్లా గొంతు లోపలంతా తెల్లటి గార, కాలీఫ్లవర్ పువ్వులా బుడిపెలు బుడిపెలుగా. నీళ్లు పోయే దారి పెన్సిలంత మిగిలింది. నేను కెమిస్ట్రీ టీచర్‌ని. నీళ్లలో కరిగిన కాల్షియం బైకార్బనేట్ ఎలా కార్బనేట్‌గా మారి పేరుకుంటుందో ఏటా బోర్డు మీద సమీకరణం రాస్తాను. లోపల నీళ్లని ఆపే సిరామిక్ బిళ్లలు తీసి చూస్తే, అద్దంలా నున్నగా ఉండాల్సిన వాటి మీద గోటితో గీరినట్టు సన్న గీతలు. ఇసుక, గార రేణువులు మధ్యలో ఇరుక్కుని గీసినవై ఉంటాయి. ఆ గీతల్లోంచే ఏడాదికి ఒక ట్యాంకరు కారేది. సోమవారం ఆ నల్లా క్లాసుకి పట్టుకెళ్లి, దాని మీద నిమ్మకాయ పిండాను. బుసబుసమని నురుగు. వెనక బెంచీ పిల్లలు కూడా లేచి ముందుకొచ్చారు.

మీలో ఎవరైనా ఈ పని చేయబోతుంటే, నాకు తెలిసినవి చెప్తాను. పాతది తీశాక వెంటనే కొత్తది బిగించకండి. గోడ రంధ్రం కింద బకెట్ పట్టుకుని, పైన వాల్వు ఒక్క క్షణం తెరిపించి మూయించండి. నాకైతే ఇసుక, గార పెచ్చులు, ఒక పాత టేపు ముక్క వచ్చాయి. అవి కొత్త నల్లాలోకి పోతే మొదటి రోజే బిళ్లలు దెబ్బతినొచ్చు. తర్వాత తెల్ల టేపు, అదే టెఫ్లాన్ టేపు. మర చివర మీ వైపు తిప్పుకుని, గడియారం ముల్లు తిరిగే వైపే, లాగి పట్టుకుంటూ పది పన్నెండు చుట్లు చుట్టాలి. ఎదురు వైపు చుడితే బిగించేటప్పుడు మొత్తం ఊడి కుప్పవుతుంది. ముందు చేత్తోనే తిప్పండి, చెయ్యి ఆగిన దగ్గర పానా అందుకోండి. మెరుగు పోకుండా కింద గుడ్డ వేసుకోండి. నల్లా మూతి సరిగ్గా కిందికి చూసే దగ్గర ఆపాలి. దాటిపోతే మాత్రం వెనక్కి తిప్పకండి, టేపు వదులై అక్కడ చెమ్మ మొదలవుతుంది. మొత్తం విప్పి ఇంకో నాలుగు చుట్లు వేసి మళ్లీ బిగించడమే మంచిది. నేను అలాగే రెండోసారికి సరిచేసుకున్నాను. ఇక బలం చూపించే చోటు ఇది కానే కాదు. గోడలో సీపీవీసీ ఎల్బో, అంటే ప్లాస్టిక్ పైపు మలుపు ముక్క, ఉంటే అందులో ఇత్తడి మర ప్లాస్టిక్‌లో పొదిగి ఉంటుంది. అతిగా బిగిస్తే ప్లాస్టిక్ లోపలే చీలి, గోడ వెనకాల మీకు తెలియకుండా నీళ్లు కారతాయి.

పాత జీఐ పైపులు, అంటే జింకు పూత వేసిన ఇనప పైపులు, ఉన్న ఇల్లయితే, నల్లా కదలకుండా గోడలో పైపే కదులుతున్నట్టు అనిపిస్తే, అక్కడితో ఆగిపోండి. తుప్పు పట్టిన మర లోపల విరిగితే గోడ పగలగొట్టాలి. అది ప్లంబర్ పని. ఆ పని చేసేవాళ్లంటే నాకు గౌరవం ఇప్పుడు ఇంకా పెరిగింది. సరిగ్గా చేసిన పనికి అడిగిన డబ్బు బేరం ఆడకుండా ఇవ్వాలని నా ఉద్దేశం.

పైన వాల్వు నెమ్మదిగా తెరిపించాను. నల్లా రెండుసార్లు గాలి కక్కి, తర్వాత తెల్లగా, ఆ తర్వాత తేటగా ధార కట్టింది. గోడ దగ్గర అతుకు చుట్టూ పొడి టిష్యూ అంటించి పావుగంట వదిలేశాను. తీసి చూస్తే పొడిగానే ఉంది. ఆ పొడి టిష్యూ చూసినప్పటి సంతోషం ఈ మధ్య కాలంలో నాకు ఇంకే పనిలోనూ కలగలేదు.

ఇప్పుడు అసోసియేషన్‌కి ఒక కాగితం రాసిచ్చాను. డక్టులో బిగుసుకుపోయిన వాల్వులన్నీ తీసి, ప్రతి ఇంటి వంటింటి లైనుకీ విడివిడిగా బాల్ వాల్వు వేయించాలి. ఆరు నెలలకోసారి అన్నిటినీ ఒకసారి మూసి తెరవాలి, లేకపోతే ఇవీ గార పట్టి బిగుసుకుపోతాయి. మెట్ల దగ్గర గోడ మీద ఏ వాల్వు ఏ ఇంటిదో చార్టు అతికించాలి. మీటింగులో ఒకాయన 'ఇప్పుడు అంత అవసరమా, వాచ్‌మన్ ఉన్నాడుగా' అన్నారు. వాచ్‌మన్ చెల్లెలి పెళ్లికి వెళ్లడం తప్పా? ఒక్క మనిషి ఊళ్లో లేకపోతే పది కుటుంబాలకి తమ ఇంటి నీళ్లు ఆపడం రాదంటే అది మనం సరిచేసుకోవాల్సిన విషయమే. వచ్చే మీటింగులోనూ అడుగుతాను. ఒప్పుకునేదాకా అడుగుతాను.

401 ఆంటీ నిన్న సాయంత్రం ఫోన్ చేశారు. వాళ్ల మంజీరా నల్లా కూడా నాలుగు నెలలుగా కారుతోందట, ఎవరికీ చెప్పలేదట. మంజీరా వాల్వు పైన రెండోది, రాసిపెట్టే ఉంది. ఈ ఆదివారం పదకొండింటికి పానా, టేపు తీసుకుని వెళ్తున్నాను. పక్కన నేను నిలబడతాను, బిగించేది మాత్రం తనే అని ఆంటీ ముందే చెప్పారు.