పల్లెకు వెళితే కళా నిర్వాహకుల కెరీర్ ఆగిపోతుందా?

కళా నిర్వహణలోకి కొత్తగా వస్తున్న యువతకు ఒక సలహా తెగ షేర్ అవుతోంది. "ఎదగాలంటే నగరం వదలకండి. పెద్ద సంస్థలన్నీ అక్కడే, నిధులూ అక్కడే. పల్లెకు వెళితే కుర్చీలు వేయించడం తప్ప నేర్చుకునేది ఉండదు. అటూ ఇటూ తిరిగేవాళ్లు ఎక్కడా నిలవరు." ఇది నమ్మి మంచి అవకాశాలు వదులుకుంటున్నవారు ఉన్నారు కాబట్టి, ఒక్కో మాటకూ జవాబు చెప్పాలి.

ఎక్కువ సంస్థలు నగరాల్లో ఉన్నాయంటే ఒప్పుకుంటాను. "అన్నీ" అంటే ఒప్పుకోను. కర్ణాటకలోని హెగ్గోడు చిన్న ఊరు. అక్కడ 1949లో పుట్టిన నీనాసం అనే నాటక సంస్థ 1980లో రంగస్థల శిక్షణ సంస్థను, 1985లో ఊరూరా నాటకాలు ఆడే 'తిరుగాట' బృందాన్ని ప్రారంభించింది. దాన్ని నిర్మించిన కె.వి. సుబ్బణ్ణకు 1991లో మెగసెసే పురస్కారం లభించింది. అమెరికాలో నృత్యం కోసమే ప్రత్యేకంగా కట్టిన తొలి థియేటర్ మసాచుసెట్స్ రాష్ట్రంలోని జేకబ్స్ పిల్లో అనే నృత్య కేంద్రంలో 1942లో వెలిసింది. ఆ కేంద్రం ఉన్న చోటు అంతకుముందు ఒక పొలం.

"పల్లెలో నేర్చుకునేది ఉండదు" అన్న మాటే నాకు ఎక్కువ కోపం తెప్పిస్తుంది. నగరంలో పెద్ద సంస్థలో చేరిన కొత్తవారికి సాధారణంగా ఒక్క విభాగమే దక్కుతుంది: టికెట్లో, ప్రచారమో, దాతల వ్యవహారమో. హాలు ఏది, ప్రేక్షకులు ఎవరు అన్నవి వాళ్లు రాకముందే తేలిపోయి ఉంటాయి. పల్లెలో అవేవీ తేలి ఉండవు. జపాన్‌లోని నీగాటా ప్రాంతంలో 2000లో మొదలైన ఎచిగో-త్సుమారి కళోత్సవాన్నే చూడండి. సుమారు 760 చదరపు కిలోమీటర్ల కొండ ప్రాంతం, విపరీతమైన మంచు, యువత వలస వెళ్లిపోగా మిగిలిన వృద్ధులు. సమకాలీన కళ మాకెందుకని స్థానికంగా మొదట గట్టి వ్యతిరేకత వచ్చింది. నిర్వాహకులు ఓపికగా కూర్చుని మాట్లాడి ఒప్పించారు. ఆ తర్వాతే వరి మడుల్లో శిల్పాలు నిలిచాయి, ఖాళీ ఇళ్లూ మూతపడ్డ బడులూ కళాకృతులయ్యాయి. పొలం యజమాని అనుమతి, మంచు కరిగాక మరమ్మతులు, చెల్లాచెదురుగా ఉన్న ఊళ్ల మధ్య రవాణా, వాలంటీర్ల బస, ఇవన్నీ చూసుకున్న మనిషిని కుర్చీలు వేయించే మనిషి అనడం అన్యాయం.

నిధుల విషయంలో ఆ సలహాకు కొంత బలం ఉంది. దాతలూ, గ్రాంట్లు మంజూరు చేసే అధికారులూ ఎక్కువగా నగరాల్లోనే ఉంటారు. అయితే మంజూరైన చోటే డబ్బు ఖర్చు కావాలని లేదు. ఐరోపాలో 1991లో మొదలైన లీడర్ పథకం గ్రామీణాభివృద్ధి నిధులపై నిర్ణయాన్ని స్థానిక బృందాలకు అప్పగిస్తుంది, సాంస్కృతిక పనులకూ అందులో చోటుంది. ఇంగ్లండ్ ఆర్ట్స్ కౌన్సిల్ 'క్రియేటివ్ పీపుల్ అండ్ ప్లేసెస్' పేరిట, కళల్లో ప్రజల భాగస్వామ్యం తక్కువగా ఉన్న ప్రాంతాలకే డబ్బు ఇస్తుంది. ఇలాంటి దరఖాస్తుకు ఊరి అవసరం తెలియాలి, కార్యాలయం అడిగే లెక్కలూ తెలియాలి. నగరం దాటనివారు మొదటి భాగం రాయలేరు.

ఇక రెండు చోట్లా పనిచేసేవాళ్లు నిలవరన్న మాట. ఎచిగో-త్సుమారిని నడిపించిన ఫ్రామ్ కితగావా టోక్యోలో గ్యాలరీ స్థాపించిన వ్యక్తి. ఆ నగర అనుభవమూ పరిచయాలే కొండ ఊళ్లకు కళాకారులను రప్పించాయి. నిలవలేకపోయినవాళ్లు ఉన్నారు, కాదనను. చాలా సందర్భాల్లో వాళ్లను కుంగదీసేది తిరుగుడు కాదు, ఆ తిరుగుడుకు ఎవరూ డబ్బు ఇవ్వకపోవడం. అందుకే ఒప్పందంపై సంతకానికి ముందే అడగండి: ప్రయాణ దినాలకు వేతనం ఉందా? ఊళ్లో బస ఖర్చు ఎవరిది? ఉత్సవం లేని నెలల్లో జీతం వస్తుందా? మీరు లేని రోజుల్లో అక్కడ నిర్ణయం తీసుకునేది ఎవరు? ఈ చివరి ప్రశ్నను చాలామంది మరచిపోతారు. ఊళ్లోనే ఉండే సమన్వయకర్తకు జీతమూ అధికారమూ ఇవ్వకపోతే, మీరు బస్సెక్కిన మరుసటి రోజే పనులు ఆగిపోతాయి, నింద మాత్రం ఊరి మీద పడుతుంది.