స్క్రూ ముట్టుకునే ముందు నెక్ చూడండి

బాస్ గిటార్‌కు అడ్జస్టబుల్ నట్ (నెక్ పై చివర తీగలు ఆనే పట్టీ, ఎత్తు స్క్రూలతో మార్చుకోవచ్చు) ఉంటే స్క్రూ తిప్పగానే బజ్, అంటే తీగ ఫ్రెట్లకు (నెక్ మీది అడ్డ లోహపు పట్టీలకు) తగిలి వచ్చే గరగర, పోతుందని ఒక వ్యాసంలో రాశారు. అంత తేలిక కాదండీ. ముందు ట్రస్ రాడ్‌తో (నెక్ లోపల ఉండే లోహపు కడ్డీతో) నెక్ వంపు సరిచేయాలి, తర్వాతే నట్, ఆ తర్వాత బ్రిడ్జి (గిటార్ బాడీ మీద తీగలు ఆనే భాగం). ఈ వరస తప్పితే చేసిందంతా మళ్లీ చేయాలి.

తీగను మూడో ఫ్రెట్ దగ్గర నొక్కి పట్టి, మొదటి ఫ్రెట్ పైన సందు చూడండి. 0.1 నుంచి 0.2 మిల్లీమీటర్లు చాలు. సందే లేకపోతే ఓపెన్ తీగ బజ్ కొడుతుంది. ఎక్కువైతే మొదటి ఫ్రెట్ల స్వరాలు శ్రుతి కన్నా పైకి పోతాయి. నట్ పైకి లేపేటప్పుడు మాత్రం తీగను తప్పక వదులు చేయండి. బిగువు మీద తిప్పితే ఆ చిన్న స్క్రూ తల అరిగిపోయి ఇక అలెన్ కీ (దాన్ని తిప్పే పనిముట్టు) పట్టదు. ఒక్కోసారి పావు చుట్టే, మళ్లీ శ్రుతి, మళ్లీ కొలత.

నట్‌లో తీగ కూర్చునే గాడి ఇరుకైతే ట్యూన్ చేసేటప్పుడు తీగ ఇరుక్కుని టక్కున జారుతుంది. దానికి స్క్రూ మందు కాదు, గాడిని వెడల్పు చేయాల్సిందే.