ఊడిపోయిన జిప్పు గారికి బహిరంగ లేఖ

మహారాజశ్రీ జిప్పు గారికి,

ఉభయకుశలోపరి. ఇక్కడ మా రెయిన్‌కోటు జిప్పు తప్ప అందరం క్షేమం. మీరు కూడా క్షేమంగా, నోరు మూసుకుని ఉన్నారని తలుస్తాను.

నేనెవరో మీకు తెలిసే అవకాశం లేదు. 2023 సెప్టెంబరు 24, ఆదివారం మధ్యాహ్నం మూడున్నరకి గ్రేటర్ నోయిడాలోని బుద్ధ్ సర్క్యూట్‌లో మన దేశపు తొలి మోటోజీపీ, అంటే ప్రపంచ ఛాంపియన్‌షిప్ మోటారుసైకిల్ రేసు మొదలయ్యే వేళకి నేను మా పిన్ని కొడుకు గృహప్రవేశంలో, మూడో బంతిలో కూర్చుని ఉన్నాను. ఆకు ముందు నీళ్ల గ్లాసు, గ్లాసుకి ఆనించి ఫోను. పక్కన మా బాబాయి. తెనాలిలో నలభై ఏళ్లు మిషను తొక్కిన టైలరు ఆయన. మోటోజీపీ అంటే పెట్రోలు బంకు పేరనుకున్నాడు. అయినా వంకాయ కూర వడ్డించేలోపు ఫోను వైపు రెండుసార్లు చూశాడు.

"ఆ అబ్బాయికి జిప్పు ఊడిందిరా."

"ఎవరికి బాబాయ్?"

"రెండోవాడికి. ఛాతీ దగ్గర చూడు. గాలికి ఎలా కొట్టుకుంటోందో!"

నేనేమో గేర్లు, టైర్లు, బ్రేకింగ్ పాయింట్లు చూస్తున్నాను. మూడేళ్లుగా ఏ వారాంతమూ వదలకుండా రేసులు చూస్తున్నవాణ్ని. మీరు తెరుచుకున్న సంగతి నా కంటపడలేదు. మొదటిసారి చూస్తున్న టైలరుకి మీరు తప్ప ఇంకేమీ కనపడలేదు. ఆ రోజు నుంచీ ఈ లేఖ బాకీ ఉంది.

మీ ఘనకార్యం గుర్తు చేస్తాను. మీరు రేసరు హోర్హె మార్టిన్ తోలు సూటు మీద ఉన్నారు. గంటకి మూడు వందల కిలోమీటర్లు దాటే బండి మీద, ప్రపంచ ఛాంపియన్‌షిప్ నడుస్తుండగా, మెడ కింద నుంచి మెల్లగా తెరుచుకున్నారు. పాపం ఆ కుర్రాడు తిన్నటి దారి దొరికినప్పుడు ఒక చెయ్యి వదిలేసి మిమ్మల్ని పైకి లాక్కున్నాడు. మేం మా ఇంటి ముందు స్టాండు వేసి ఉన్న స్కూటీ మీద కూర్చుని, రెండు చేతులతో లాగినా రాని జిప్పుని అతను ఒంటి చేత్తో, తోలు గ్లవ్‌తో, ఆ వేగంలో పెట్టుకున్నాడు. ఈ ఒక్క పనికి విడిగా ఒక కప్పు ఇవ్వాలి. ఇవ్వరు.

అసలు నా ఫిర్యాదు మీ మీద కాదండీ, ఫలితాల పట్టిక మీద. అందులో మీ పేరు లేదు. "1. మార్కో బెజ్జెక్కి. 2. హోర్హె మార్టిన్. 3. ఫాబియో క్వార్తరారో." అంతే. బెజ్జెక్కి 8.649 సెకన్ల తేడాతో గెలిచాడని మూడు దశాంశ స్థానాల దాకా రాసుకున్నారు. వెయ్యోవంతు సెకనుకి చోటుంది, జానెడు జిప్పుకి లేదు. పోనీ ఆ బెజ్జెక్కినైనా సరిగ్గా చూపించారా అంటే అదీ లేదు. మనిషి మరీ ముందుకెళ్లిపోయాడు. పోటీ లేనివాడి మీద కెమెరాకి మాత్రం ఏం పని? గెలిచినవాడికి కప్పు వచ్చింది, ఊడినందుకు మీకు క్లోజప్ వచ్చింది.

ముందు రోజు కథ మీకు తెలుసు, ఆ రోజు బుద్ధిగా మూసుకునే ఉన్నారు కాబట్టి. శనివారం స్ప్రింట్, అంటే చిన్న రేసు. మొదటి స్థానం నుంచి బయలుదేరిన బెజ్జెక్కిని మొదటి మలుపులోనే వెనక నుంచి వచ్చి గుద్దినవాడు ఎవరు? సొంత జట్టు సభ్యుడు లూకా మరీని. ఆ జట్టు పాత ఛాంపియన్ వాలెంటినో రోసిది. మరీని ఆయన తమ్ముడు, ఒకే తల్లి బిడ్డలు. యజమాని తమ్ముడు గుద్దితే ఉద్యోగి ఏమంటాడు? ఏమీ అనలేదు, అట్టడుగు నుంచి లేచి ఐదో స్థానానికి వచ్చాడు. మరీనికి కాలరు ఎముక విరిగింది. మార్టిన్ గెలిచాడు, ఆ ఏడాది పాయింట్లలో అందరికంటే ముందున్న బాన్యాయా రెండు, మార్క్ మార్కెజ్ మూడు. ఆదివారం బెజ్జెక్కి అంత దూరం ఎందుకు పారిపోయాడని అందరూ విశ్లేషణలు చేశారు. నాకైతే సొంతవాళ్లకి అందకుండా వెళ్లాడనే అనిపించింది.

ఇక మీరు ఎందుకు ఊడారు? మా బాబాయి తీర్పు సాంబారు దగ్గర వచ్చింది. "పళ్లు బాగానే ఉంటాయిరా, రన్నరు వదులై ఉంటుంది. కటింగ్ ప్లయరుతో రెండు పక్కలా చిన్న నొక్కు నొక్కితే సరి. లేకపోతే కొవ్వొత్తి రుద్దాలి." కోట్ల రూపాయల బండికి, లక్షల రూపాయల సూటుకి ఐదు రూపాయల కొవ్వొత్తి వైద్యం. నవ్వాను గానీ, అవతల ఇంజనీర్లకి ఇంతకంటే మంచి మాట తట్టి ఉంటుందని నాకు నమ్మకం లేదు.

నా సిద్ధాంతం వేరు. మీరు పాడైపోయి కాదు, ఉక్క తట్టుకోలేక తెరుచుకున్నారు. సెప్టెంబరు చివర్లో ఢిల్లీ చుట్టుపక్కల గాలి ఎలా ఉంటుందో తెలిసిందే. వాన పడీ పడనట్టు పడుతుంది, ఎండ వదలదు, ఒళ్లంతా జిగట. అందులో కంగారూ తోలు సూటు, లోపల ఎయిర్‌బ్యాగు, వీపు మీద గూని, గ్లవ్‌లు, బూట్లు, హెల్మెట్, కాళ్ల మధ్య మరుగుతున్న ఇంజను. ఎండ చూసి నిర్వాహకులే జడిసి 24 ల్యాపుల (చుట్ల) రేసుని 21 చేశారు. మూడు ల్యాపులు వాళ్లు తగ్గించారు, మూడు అంగుళాలు మీరు తెరిచారు. సర్కారు ఆఫీసులో మధ్యాహ్నం రెండింటికి పై గుండీ విప్పి, ఫైలుతో విసురుకునే గుమాస్తాకి, మీకూ తేడా ఏముంది? ఆ వారాంతం వచ్చిన విదేశీయుల్లో ఈ నేల స్వభావం వెంటనే అర్థమైంది మీకొక్కరికే. మిగతావాళ్లలో కొందరికి వీసాలు సమయానికి అందక, రావడమే ఓ రేసయింది.

ఆ తరవాతి విషయం నన్ను ఇప్పటికీ ఇబ్బంది పెడుతుంది. బాన్యాయా రెండో స్థానంలో ఉండగా ఇంకా ఏడెనిమిది ల్యాపులు మిగిలి ఉన్నాయనగా జారి పడ్డాడు. వారాంతం మొదట్లో మార్టిన్ మీద అతని ఆధిక్యం 36 పాయింట్లు, ఆదివారం సాయంత్రానికి 13. మార్టిన్ రెండో స్థానాన్ని చివరిదాకా కాపాడుకున్నాడు. గీత దాటాక కుర్రాడు నిలబడలేక కూలబడ్డాడు. ఒంట్లో నీళ్లన్నీ ఆవిరైపోయాయి. చుట్టూ మనుషులు, మంచినీళ్లు, హడావిడి. బాబాయి అప్పటికి చెయ్యి కడుక్కుని వచ్చాడు.

"చెప్పానా? వదిలెయ్యాల్సింది ఆ జిప్పుని. కాస్త గాలాడేది."

దీనికి నా దగ్గర జవాబు లేదు. నియమం ఉందని చెప్పాను. ట్రాక్ మీద ఉన్నంతసేపూ సూటు, సామగ్రి అన్నీ సరిగ్గా బిగించుకుని ఉండాలని రూలు. "మరి ఊడినప్పుడు ఆపలేదేం?" అన్నాడాయన. టైలర్లతో వాదించకూడదు, కొలతలు బాగా గుర్తుంటాయి వాళ్లకి.

ఆయన ప్రశ్నలో న్యాయముంది, ఎందుకంటే మీ వంశంలో ఒకరికి అంతకుముందు శిక్ష పడింది. 2021 జూన్, బార్సిలోనా. ఆ రోజు ఊడింది క్వార్తరారో సూటు జిప్పు. మీకు పెద్దనాన్న వరస అనుకుంటాను. క్వార్తరారోకి దాన్ని మూయడం చేతకాలేదు. ఛాతీ కవచం తీసి ట్రాక్ పక్కకి గిరాటేశాడు, బోర విరుచుకుని రేసు ముగించాడు. గీత దాటింది మూడో స్థానంలో. మలుపు కోసుకుని అడ్డదారిన పోయినందుకు మూడు సెకన్ల శిక్ష పడి నాలుగుకి దిగాడు. సాయంత్రం జిప్పు సంగతి తీరిగ్గా విచారించి ఇంకో మూడు సెకన్లు వేస్తే ఆరుకి జారాడు. ఛాంపియన్‌షిప్ గెలిస్తే కూడా దక్కని పేరు ఒక్క జిప్పుతో వచ్చింది, ప్రపంచమంతా ఆ గుండె చూసింది.

ఇప్పుడు చెప్పండి. 2023లో నోయిడాలో, చివరి ల్యాపులో, మార్టిన్ వెనకే అర సెకను కూడా తేడా లేకుండా మూడో స్థానంలో తరుముతున్నదెవరు? అదే క్వార్తరారో! జిప్పు ఊడి ఆరో స్థానానికి పడిపోయినవాడు, జిప్పు ఊడినా రెండో స్థానంలో నిలిచినవాడి వీపు చూస్తూ ఇంటికి చేరాడు. మార్టిన్ తనంతట తను మిమ్మల్ని పెట్టుకున్నాడు, కవచాలు విసరలేదు, ఆ లెక్క వేరే అని పెద్దమనుషులు అంటారు. అనొచ్చు. కానీ ఆ హెల్మెట్ లోపల క్వార్తరారో ఫ్రెంచిలో ఏమనుకున్నాడో తెలుగులో ఊహించగలను, రాయలేను.

ఇంకో రహస్యం. మీరు అపశకునం అనుకున్నవాళ్లంతా పొరపడ్డారు. జిప్పు ఊడిన క్వార్తరారో ఆ ఏడాదే, 2021లో, ప్రపంచ ఛాంపియన్ అయ్యాడు. మీరు ఊడిన మార్టిన్ 2023లో 39 పాయింట్ల తేడాతో బాన్యాయాకి టైటిల్ వదులుకున్నాడు గానీ, 2024లో తీసుకున్నాడు. ఆ ఏడాది బాన్యాయా పదకొండు ఆదివారాలు గెలిచాడు. చివరి వారాంతం శనివారం, ఆదివారం రెండూ గెలిచాడు. అయినా మార్టిన్ 508, బాన్యాయా 498. వలెన్సియాలో వరదలొచ్చి ఆ చివరి రేసుని ఎక్కడికి మార్చారో తెలుసా? బార్సిలోనాకి. మీ పెద్దనాన్న నోరు తెరిచిన అదే ట్రాక్. ఇన్ని మూసుకున్న జిప్పులతో పదకొండు గెలుపులు కూడబెట్టిన బాన్యాయా ఒక్కసారి పై రెండు పళ్లు వదులు చేసుకుని ఉంటే బాగుండేది. అతను అప్పటికే రెండుసార్లు ఛాంపియన్ అని మీరు గుర్తు చెయ్యొద్దు, నా సిద్ధాంతం పాడవుతుంది.

మా సంగతులు రాయమని మీరు అడగలేదు, అయినా రాస్తాను. మా రోడ్ల మీద రోజూ రేసులే. ఏ క్లాసుకా క్లాసు: పాల బిందెలవాళ్లు ఒకటి, పార్సిలు కుర్రాళ్లు ఒకటి, ముగ్గురెక్కిన కాలేజీవాళ్లు ఒకటి. సామగ్రి అంతా బ్రహ్మాండం. హెల్మెట్ ట్యాంకు మీద ఉంటుంది, చౌరస్తాలో పోలీసు కనపడగానే నెత్తికెక్కుతుంది, దాటగానే మళ్లీ దిగుతుంది. పట్టీ పెట్టుకోం, మెడ ఒరుసుకుంటుంది. మాకు బార్సిలోనా రూలు పెడితే సాయంత్రానికి అందరం ఆరో స్థానంలో ఉంటాం. ముందున్న ఐదుగురు ఎవరో ఎవరికీ తెలియదు.

నా రెయిన్‌కోటు కూడా చెప్పాలి. పోయిన జులైలో కొన్నాను, కొట్టు పేరు అనవసరం. మొదటి వానకే జిప్పు మధ్యలో విడిపోయింది. పైనా కిందా మూసుకునే ఉంది, నడుమ మాత్రం నవ్వింది. బొడ్డు దగ్గర నుంచి నీళ్లు లోపలికి పోయి చొక్కా జేబులో బండి కాగితాలు నానాయి. మార్చమంటే "వాడేశారు కదండీ" అన్నాడు కొట్టాయన. వానలో కాక ఇంకెక్కడ వాడాలో అడిగే ఓపిక లేకపోయింది. రెండు పిన్నీసులు పెట్టుకున్నాను.

మీరు మళ్లీ వస్తారేమోనని 2024 క్యాలెండరు చూశాను. సెప్టెంబరులో మా పేరు ఉంది. తరవాత లేదు. వచ్చే ఏడాదికి వాయిదా అన్నారు, వచ్చే ఏడాదీ రాలేదు. ఆ నోయిడా ట్రాక్‌కి ఇది అలవాటే లెండి. 2011 నుంచి 2013 దాకా ఫార్ములా వన్ కార్ల రేసు మూడేళ్లు వచ్చింది, మూడుసార్లూ వెటెల్ అనే డ్రైవరే గెలిచాడు. ఇది ఆట కాదు వినోదం, పన్ను కట్టండి అన్నారు సర్కారువాళ్లు, రేసు మళ్లీ రాలేదు. వినోదమేనని నేనూ ఒప్పుకుంటాను. కాకపోతే మా వినోదం మీరే, మీ మీద పన్ను ఎవరు కడతారో తేలలేదు.

బాబాయి మిమ్మల్ని అడిగానని రాయమన్నాడు. మార్టిన్ అబ్బాయి ఎప్పుడైనా తెనాలి వైపు వస్తే సూటు తీసుకురమ్మన్నాడు, రన్నరు మార్చి ఇస్తాడట. కూలి వద్దన్నాడు.

ఇట్లు,
రెండు పిన్నీసుల మీద నడుస్తున్న
ఒక రెయిన్‌కోటు యజమాని

తా.క.: కొవ్వొత్తి రుద్ది చూశాను. ఇప్పుడు జిప్పు తెరుచుకోవడం లేదు, మూసుకోవడం లేదు. తల మీద నుంచి తొడుక్కుంటున్నాను.