14 సున్నాలు, ఒక చీజ్ కడ్డీ

వెనిజులా కరెన్సీ బొలివార్‌కు 2008లో మూడు, 2018లో ఐదు, 2021లో ఆరు, మొత్తం 14 సున్నాలు కోసేశారు. ఇంత కోతలోనూ పరువు పోగొట్టుకోని వస్తువు ఆ దేశంలో ఒకటుంది. పేరు తెకేన్యో, పిండి పట్టీ చుట్టి నూనెలో వేయించే చీజ్ కడ్డీ. కేంద్ర బ్యాంకు అధ్యక్ష పదవికి దాన్నెందుకు పరిశీలించలేదో నాకు ఇప్పటికీ అర్థం కాదు.

అర్హతలు చూడండి. ఉప్పటి తెల్ల చీజ్‌ను వేలెడంత కడ్డీలుగా కోస్తారు. మైదాపిండిని పల్చగా ఒత్తి, పట్టీలుగా కోసి, తెగిన వేలికి గుడ్డపీలిక చుట్టినట్టు చుట్టుకుంటూ పోతారు. పట్టీ అంచు మీద అంచు ఎక్కాలి, రెండు కొసలూ మూసుకోవాలి. ఎక్కడ సందు వదిలినా చీజ్ మరిగే నూనెలోకి కారి, చిటపటలాడి, వండేవాళ్ల చేతి మీదే పడుతుంది. లీకేజీకి అక్కడికక్కడే శిక్షపడే వ్యవస్థ ఆ దేశంలో ఇదొక్కటేనేమో.

పుట్టిల్లు దేశ రాజధాని కరాకస్ దగ్గరి కొండల్లో ఉన్న లోస్ తెకేస్, మిరాండా రాష్ట్ర రాజధాని. ఆ ఊరివాళ్లనూ తెకేన్యోలే అంటారు. కాబట్టి ‘నిన్న ఆరు తెకేన్యోలు తిన్నా’నని ఎవరైనా అంటే పోలీసులకు ఫోన్ చేయకండి.

అసలు రాజకీయమంతా పెళ్లి విందులో. మందు చుక్కను వాళ్లు ‘పాలో’ అంటారు; దాన్ని గొంతు దింపేది ‘పాసాపాలో’, అంటే మన మంచింగ్. అందులో రారాజు తెకేన్యో. ఆరితేరిన అతిథులు ముందుగానే వంటింటి తలుపు పక్కన, గోడ మీది బొమ్మను పరిశీలిస్తున్నట్టు, మకాం వేస్తారు. హాలు చివరి మేనమామ దాకా పళ్లెం చేరేసరికి మిగిలేది సాస్ గిన్నె. వడ్డించేవాడు మనవాడైతే కడబంతిలో కూర్చున్నా ఫర్వాలేదన్న సామెత మనది, దాన్ని ఆచరణలో పెట్టింది వాళ్లు. తెలివైనవాడు పెళ్లికొడుకు కంటే ముందు సర్వర్‌ను పలకరించి, చేతిలో నోటు పెడతాడు. డాలర్ నోటు. పైన చెప్పిన 14 సున్నాల దృష్ట్యా.

దేశం విడిచిన 70 లక్షల మందికి పైగా జనం దీన్నీ వెంట తీసుకెళ్లారు. మాడ్రిడ్‌లో, మయామీలో ఫ్రీజర్ పొట్లాలుగా దొరుకుతుంది. అంతవరకు సంతోషమే. పెరూ రాజధాని లిమాలో మాత్రం వంటన్ అనే చైనా వంటల పల్చటి పిండి రేకుల్లో మడిచి, అవకాడో పచ్చడిలో ముంచి, అదే పేరుతో తింటున్నారు. చుట్టాల్సినదాన్ని మడవడం! వెనిజులా పాలకపక్షాన్నీ ప్రతిపక్షాన్నీ ఒకే బల్ల దగ్గర కూర్చోబెట్టడానికి ఈ ఒక్క ఫిర్యాదు చాలు. బల్ల మీద పెట్టే పళ్లెంలో మాత్రం సరిసంఖ్య ఉండాలి. ఒక్కటి మిగిలిందా, చర్చలు మళ్లీ మొదటికొస్తాయి.